స్పెయిన్ జెండా కిందే ఫిలిప్పీన్స్ ముస్లిం దేశమై ఉంటే? (“అలా జరిగి ఉంటే” విభాగం)

పటాలపిచ్చి (దారం మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. పోయిన నెల “తళ్ళికోటలో అళియ రామరాయలు గెలిచి ఉంటే” దారం చివరికి ఎవరి ముత్తాత ఎవరి సైన్యంలో ఉన్నాడన్న దగ్గరికి వచ్చింది, మోడరేటర్ గారు తాళం వేశారు. అందుకని ఈసారి ఇంటికి దూరంగా పోదాం. కానీ సంవత్సరం అదే, 1565.

జనవరిలో ఇక్కడ తళ్ళికోట. అదే ఏడాది ఏప్రిల్లో మెక్సికో నుంచి వచ్చిన స్పెయిన్ సేనాని లెగాస్పి సెబూ ద్వీపంలో దిగాడు. అప్పటికి ఫిలిప్పీన్స్‌కి ఇస్లాం కొత్త కాదు. దక్షిణాన సులు దీవుల్లో వందేళ్ళ కిందటే సుల్తానులున్నారు. మిందనావోలో మగిందనావో వంశం పాతుకుపోయింది. ఉత్తరాన లుజోన్ ద్వీపంలో, పసిగ్ నది సముద్రంలో కలిసేచోట, కొయ్య కోట కట్టుకుని సులేమాన్ అనే యువరాజు మనీలా ఏలుతున్నాడు. బ్రూనై సుల్తానులతో చుట్టరికం ఉన్న ముస్లిం. 1570లో గోయితి అనే సేనాని వచ్చి ఆ కోట కాల్చిపోయాడు. 1571లో లెగాస్పి స్వయంగా వచ్చి అదే చోట స్పెయిన్ వాళ్ళ ఊరు కట్టించాడు. ఇప్పుడు ఆ దేశంలో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది క్యాథలిక్కులు, ముస్లింలు నూటికి ఆరుగురు, వాళ్ళు కూడా ఎక్కువగా దక్షిణాన.

నా ప్రశ్న: మనీలాలో స్పెయిన్ గవర్నరు ఉండాలి, ఏటా వెండి ఓడ రావాలి, జెండా వాళ్ళదే. కానీ 1800 నాటికి లుజోన్ పల్లెల్లో చర్చికి బదులు మసీదు ఉండాలి. ఎలా? “స్పెయిన్ ఓడిపోయింది” అన్న జవాబు చెల్లదు. అది ఎవరైనా రాస్తారు.

టైమ్‌మెషిన్ చిట్టి
సింపుల్ బ్రో. 1574లో చైనా సముద్రపు దొంగ లిమాహోంగ్ మనీలా మీద పడ్డాడు కదా. గోయితి అందులోనే చచ్చాడు. అదే టైంలో సులేమాన్, మనీలా పక్కనే ఉన్న తొండో ఊరి పెద్ద లకందులా తిరగబడ్డారు. లిమాహోంగ్ గెలిస్తే అయిపోయె.

పటాలపిచ్చి
చిట్టీ, షరతు చదవలేదు నువ్వు. అక్కడ స్పెయిన్ ఓడిపోతుంది. పైగా లిమాహోంగ్ గెలిస్తే మనీలా చైనా వాళ్ళ ఊరవుతుంది కానీ ముస్లిం ఊరెందుకవుతుంది?

టైమ్‌మెషిన్ చిట్టి
సరే అయితే బ్రెజిల్ తీసుకుందాం. 1835లో బహియా రాష్ట్రం సాల్వదోర్‌లో ముస్లిం బానిసల తిరుగుబాటు. రంజాన్ నెల చివర్లో మొదలుపెట్టారు, మెడలో అరబ్బీ రాతల తాయెత్తులు. ఇదే బెస్ట్ కేస్ అసలు.

లెక్కల మాస్టారు
మంచి కథే. కానీ 1822లోనే బ్రెజిల్ పోర్చుగల్ నుంచి విడిపోయింది, 1835 నాటికి అది వలస కాదు. పైగా ఓడలో బలవంతంగా తెచ్చినవాళ్ళు అక్కడ కొత్త మతం పరాయి జనంలో పాకించాలి. మనీలాలో అయితే మతం ముందే ఊళ్ళోకి వచ్చి కూర్చుంది, స్పెయినే వెనకొచ్చింది. నా ఓటు మనీలాకే. బహియాకి వేరే దారం తెరువు నాయనా, వస్తాను.

బందరు లడ్డూ
నేను సముద్రం వైపు నుంచి చూస్తాను, అలవాటు.

మతం ఒక్కటే ఓడెక్కి రాదు. బట్ట, మిరియాలు, అప్పులు, పెళ్ళి సంబంధాలతో కలిసి వస్తుంది. 1511లో పోర్చుగీసువాళ్ళు మలయా తీరంలోని మలక్కా రేవు పట్టుకున్నారు. దాంతో ముస్లిం వర్తకులు చెదిరిపోయి సుమత్రాలో ఆచేకి, బోర్నియోలో బ్రూనైకి చేరారు. అంటే క్యాథలిక్కుల ఫిరంగులే ఇస్లాంని ఇంకా తూర్పుకి తోశాయన్నమాట. మా బందరు నుంచి కూడా గోల్కొండ నవాబుల కాలంలో ఓడలు పోర్చుగీసు పాసులు లేకుండా నేరుగా ఆచేకి పోయేవి, అద్దకం బట్టలు వేసుకుని.

ఇంకో ముచ్చట. 1521లో మెగలన్ సెబూకి వచ్చినప్పుడు అక్కడి రేవులో సయాం నుంచి వచ్చిన ముస్లిం వర్తకుడు ఒకడున్నాడు. మెగలన్ వెంట ఉన్న పిగఫెట్టా రాసుకున్నాడు ఇది. ఆ వర్తకుడు రాజు దగ్గరికి పోయి, జాగ్రత్త, కాలికట్‌నీ మలక్కానీ గెలిచినవాళ్ళు వీళ్ళే అన్నాడట. అంటే కేరళ కబురు సెబూ రేవుకి ముందే చేరింది. ఆ వర్తకుడి మాట రాజు హుమాబోన్ పట్టించుకుని ఉంటే? పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి జ్ఞానస్నానం చేయించుకున్నాడు. తర్వాత పక్కన మక్తాన్ దీవిలో లపులపు మనుషులు మెగలన్‌ని చంపేశారు, అది వేరే సంగతి.

నా పాయింటు: మనీలాలో ఇస్లాం వయసు అప్పటికి రెండు మూడు తరాలే. రాజకుటుంబాల్లో, రేవులో ఉంది, పొలాల్లోకి దిగలేదు. స్పెయిన్ వాళ్ళు రాసిన దాంట్లోనే ఉంది, సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు కొందరు పంది మాంసం తినరు, ఎందుకంటే బ్రూనై వర్తకులు చెప్పారు కాబట్టి. అంతవరకే. యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే లెగాస్పికి ఇంకో మనీలా కనపడేది.

టైమ్‌మెషిన్ చిట్టి
అంటే లెగాస్పి ఓడకి చిల్లి పెడదామా 😀

గుణదల మెట్లు
లడ్డూ గారూ, ఆలస్యం ఒక్కటే చాలదండి. మేము క్యాథలిక్కులం, నాకు ఇంట్లో తెలిసిన సంగతి చెప్తాను. ఊళ్ళో మతం నిలబడేది రాజు వల్ల కాదు, విచారణ గురువుల (ఊరి ఫాదర్ గారి) వల్ల. ఎవరికి జ్వరం, ఎవరి పిల్లకి పెళ్ళి కుదరలేదు, ఎవరి గొడ్డు తప్పిపోయింది, అన్నీ ఆయనకి తెలియాలి.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది అదే. సైనికులంతా మనీలా గోడల లోపల వ్యాపారం చూసుకుంటూ కూర్చున్నారు. పల్లెల్లోకి పోయింది సన్యాసులు. 1565లో అగస్టీనియన్లు, 1578లో ఫ్రాన్సిస్కన్లు, 1581లో జెస్యూట్లు, 1587లో డొమినికన్లు. 1594లో రాజాజ్ఞ వేసి మరీ దీవుల్ని ఈ సభలకి పంచారు, ఏ భాష మాట్లాడే జిల్లా ఎవరిదని. వెళ్ళినవాళ్ళు ఆ భాష నేర్చుకున్నారు. 1593లోనే మనీలా చుట్టుపక్కల మాట్లాడే టగాలోగ్‌లో, వాళ్ళ సొంత బాయ్‌బాయిన్ లిపిలో జపాల పుస్తకం అచ్చయింది. మన తెలుగు మొదటి అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో కదా, పోల్చి చూడండి.

చెల్లాచెదురుగా ఉన్న గుడిసెల్ని ఒకచోటికి చేర్చి మధ్యలో చర్చి కట్టడం ఇంకో పని. “గంట వినపడేంత దూరంలో బతకాలి” అని వాళ్ళ లెక్క. గంట వినపడితే పన్ను లెక్కకీ వినపడతారు మరి. చాలా ఊళ్ళలో జనం జీవితం మొత్తంలో చూసిన తెల్లవాడు ఆ ఒక్క ఫాదర్ గారే.

కాబట్టి మీ కథలో లెగాస్పిని ఆపకండి. ఫాదర్లని ఆపండి.

పెద్దదర్గా వీధి
గుణదల మేడమ్ మాట నూటికి నూరు. మా వైపు కూడా అంతే. రాజు వల్ల ముస్లిం అయినవాళ్ళకన్నా దర్గా దగ్గర తాయెత్తు కట్టించుకుని, తరాల తరబడి ఉరుసుకి వచ్చి అయినవాళ్ళే ఎక్కువని మా తాత అనేవాడు. లెక్కలు అడగొద్దు, తాత మాట అది.

చిట్టి తమ్ముడికి: తూర్పు దీవుల్లో మీ ప్రశ్నకి దగ్గరి నిజం కేసు ఒకటుంది. తెర్నాతె. లవంగాల దీవి. పోర్చుగీసువాళ్ళ కోట ఉంది అక్కడ, సుల్తాను కూడా ఉన్నాడు. 1570లో వాళ్ళు సుల్తాన్ హైరున్‌ని సంధి మాటలకని కోటలోకి పిలిచి పొడిచి చంపారు. కొడుకు బాబుల్లా అయిదేళ్ళు కోటని ముట్టడించి 1575లో వాళ్ళని వెళ్ళగొట్టాడు. చుట్టుపక్కల దీవుల్లో ఇస్లాం బిగిసింది ఆ తర్వాతే. అంతకు ముందు అది రాజుగారి మతం. తర్వాత “మనల్ని చంపినవాళ్ళ మతం కానిది” అయింది. సులవేసి దీవిలోని మకస్సర్‌లో రాజులు 1605లో ముస్లింలయ్యారు, చుట్టూ క్యాథలిక్ వర్తకులు తిరుగుతుండగానే. అంటే మెగలన్ వచ్చి ఎనభై ఏళ్ళు దాటినా పందెం ఇంకా నడుస్తోంది.

జావా చూడండి. డచ్చివాళ్ళు మూడు వందల ఏళ్ళకి పైగా ఉన్నారు. ఇస్లాం తగ్గిందా? పాలకుడి మతం వేరైతే జనం మతం గట్టిపడుతుంది ఒక్కోసారి. కాకపోతే డచ్చివాళ్ళు ప్రొటెస్టెంట్లు, లాభం తప్ప ఆత్మల సంగతి పట్టలేదు.

లెక్కల మాస్టారు
ఆ చివరి వాక్యంలోనే జవాబుంది పెద్దదర్గా సయ్యద్ భాయ్, గమనించారా. స్పెయిన్ డచ్చివాడిలా ఆలోచించి ఉంటే చాలు.

నిజంగా లెక్క చూస్తే ఫిలిప్పీన్స్ స్పెయిన్‌కి గిట్టుబాటు కాని బేరం. మిరియం లేదు, లవంగం లేదు, బంగారం ఆశించినంత లేదు. వ్యాపారమంతా ఒక్కటే: చైనా పట్టు మనీలాకి వచ్చేది, మెక్సికో రేవు అకపుల్కో నుంచి వెండి వచ్చేది, మధ్యలో ఓడ. 1565 నుంచి 1815 దాకా అదే. దీనికి పల్లెలు అక్కర్లేదు. ఒక రేవు, ఒక గోడ, కొన్ని గోదాములు చాలు. చైనా తీరంలో పోర్చుగీసువాళ్ళ మకావు లాగా. పాలన ఖర్చుకి మాత్రం ఏటా మెక్సికో ఖజానా నుంచి డబ్బు పంపాల్సి వచ్చేది. ఈ దీవులు వదిలేద్దాం అని మాడ్రిడ్‌లో మాటలు నడిచాయి కూడా. వద్దని పట్టుబట్టింది సన్యాసులే, రాజులు ఒప్పుకున్నది మతం కోసమే.

అందుకని నా మలుపు: రాజుగారు పిసినారి. 1590ల్లో ఒక ఉత్తర్వు. మనీలా కోట, కవితే ఓడల మరమ్మతు రేవు ఉంచుకోండి. లోపలి జిల్లాలకి ఫాదర్లని పంపే ఖర్చు ఖజానా పెట్టదు. ఊళ్ళ పెద్దలు కప్పం కడితే చాలు, ఏ దేవుడికి మొక్కుతారో మనకెందుకు. అంతే. యుద్ధం లేదు, తిరుగుబాటు లేదు. సంతకం ఒక్కటి.

పటాలపిచ్చి
మాస్టారూ!! ఇది కదా నేను అడిగింది. అసలు చరిత్రలో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వీటిని మతం కోసమే ఉంచుకున్నాడు అన్నది నిజమే. ఆ ఒక్క స్క్రూ విప్పితే మొత్తం మారుతుంది.

టైమ్‌మెషిన్ చిట్టి
కానీ బోర్. యుద్ధం లేదు.

కువైట్ కడపోడు
అన్నలూ, ఇన్నాళ్ళూ చదువుకుంటా పోతున్నా, ఇప్పుడు ఒకటి చెప్పాలనిపించింది. నేను ఇక్కడ ఒక పెద్ద వంటశాలలో స్టోర్ చూస్తా. మా దగ్గర ఇద్దరు ఫిలిప్పీనోలు. ఒకతను కోటబాటో అనే ఊరి ముస్లిం. ఇంకొకతను “ఇలోయిలో” అనే ఊరి క్యాథలిక్, పర్సులో బాల యేసు బొమ్మ పెట్టుకుంటాడు, ఎర్ర అంగీ, కిరీటంతో. సెబూ బాల యేసు అంటాడు. మెగలన్ రాణికి ఇచ్చిన బొమ్మేనట, 1565లో కాలిన ఇంట్లో దొరికిందట.

ఇద్దరూ చికెన్ అడోబో చేస్తారు, వెనిగర్, సోయా, వెల్లుల్లి, బిర్యానీ ఆకు. రుచి ఒకటే. నాకు ఆశ్చర్యం అది కాదు. ముస్లిం అతను ఇంకొకతన్ని “పారే” అని పిలుస్తాడు. మామా, బావా అన్నట్టు. ఏంటా మాట అని అడిగితే స్పానిష్ నుంచి వచ్చిందంట, పిల్లకి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు తల్లిదండ్రులకీ జ్ఞానతండ్రికీ మధ్య ఉండే వరస. అంటే చర్చిలో పుట్టిన పిలుపు ముస్లిం నోట్లో. ఇక క్యాథలిక్ అతను టిఫిన్ ఇస్తే “సలామత్” అంటాడు, థాంక్స్ అని. అది అరబ్బీ. మా కువైటీ ముదీర్ (మేనేజర్) ప్రతిసారీ నవ్వుతాడు.

నేను మొహం అంటే వాళ్ళు ముఖా అన్నారు. ఆశ అంటే ఆసా. గురువు అంటే గురో. అంతా అయ్యాక నాకనిపించింది, వీళ్ళ దేశంలో ఎవరు ముందొచ్చారో నాలుకకి పట్టింపు లేదని.

గుణదల మెట్లు
కడప అన్నా, ఈ దారంలో ఇప్పటిదాకా బెస్ట్ పోస్టు మీదే.

బందరు లడ్డూ
ఆ సంస్కృతం ముక్కలకి మూలం ఇంకా పాతది. మనీలా దగ్గర లగూనాలో 1989లో ఒక రాగి రేకు దొరికింది. అప్పు తీరిపోయిందని రాసిచ్చిన పత్రం. తేదీ చూడండి: శక వర్షం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చతుర్థి, సోమవారం. అంటే క్రీ.శ. 900. మన పంచాంగంలో వైశాఖ బహుళ చవితి అని రాసినట్టే ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. ఇస్లాం కన్నా ముందు ఇంకో పొర.

ధర్మరక్షక్_99
అంటే అక్కడ కూడా మనవాళ్ళే ఉన్నారు, వాళ్ళొచ్చి

(మిగతా భాగం తొలగించబడింది)

మోడరేటర్
ఇప్పటి రాజకీయాలు ఈ విభాగంలో వద్దని పైన ఎర్ర అక్షరాల్లో ఉంది. సభ్యుడికి వారం సెలవు. మిగతావాళ్ళు కొనసాగించండి, బాగుంది.

పెద్దదర్గా వీధి
థాంక్స్ మోడరేటర్ గారూ. మాస్టారూ, మీ పిసినారి రాజు బాగున్నాడు. కానీ ఫాదర్లు రాకపోతే మౌల్వీలు వస్తారని గ్యారంటీ ఏంటి? ఖాళీ ఊరు ఖాళీగానే ఉండొచ్చు. పాత దేవతలకే మొక్కుకుంటూ ఉండొచ్చు కదా. ఎవరు పంపుతారు? బ్రూనైని 1578లో స్పెయిన్ గవర్నరు సాందే దోచి, మసీదు తగలబెట్టి, రోగాలు తగిలి వెనక్కి పోయాడు. బ్రూనై మళ్ళీ అంత బలంగా లేవలేదు.

లెక్కల మాస్టారు
మంచి దెబ్బ కొట్టారు. దీనికి తోడు నాకే ఇంకో అడ్డంకి కనపడుతోంది, అది చెప్పాకే సమాధానం.

సులు, మగిందనావో వాళ్ళకి ఉత్తరాది జనం ముస్లింలు కావడం లాభమా నష్టమా? వాళ్ళ పడవలు మధ్యలో ఉన్న విసయా దీవుల మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోయేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చైనాకి సముద్రపు దోసకాయలు (తినే సముద్ర జీవులు), సూపులో వేసే పిట్టగూళ్ళు అమ్మే వ్యాపారం పెరిగాక ఇంకా పెరిగింది, ఆ పనికి చేతులు కావాలి కదా. తోటి ముస్లింని బానిస చేయకూడదు. విసయా వాళ్ళంతా కలిమా చదివేస్తే చేతులెక్కడివి? దక్షిణాది సుల్తానులకి మత ప్రచారం అంత పడదు. ఈ లెక్క ఎవరూ వేయరు, అంతా ఏదో మతావేశం అనుకుంటారు.

అందుకే విసయా నా కథలో అనుమానమే. లుజోన్ సంగతి వేరు, అది దూరం. అక్కడికి గురువులు తెర్నాతె నుంచి, మకస్సర్ నుంచి, ఆచే నుంచి వర్తకుల ఓడల్లో రావాలి.

పటాలపిచ్చి
పంపడానికి ఒక ఇల్లు ముందే సిద్ధంగా ఉంది మాస్టారూ. 1587–88 తొండో కుట్ర. అగస్టిన్ దె లెగాస్పి అని ఒకడు, పేరు చూస్తే పక్కా క్రైస్తవుడు, కానీ లకందులా మేనల్లుడు, బ్రూనై రాజకుటుంబంతో పెళ్ళి సంబంధం. లకందులా కొడుకు మగత్ సలామత్ ఇంకొకడు. జపాన్ కెప్టెన్‌తో మాట్లాడుకున్నారు, బ్రూనై సాయం అడగబోయారు. దారిలో కలమియానెస్ దీవుల్లో గుట్టు బయటపడింది. మరణశిక్షలు, దేశబహిష్కరణలు.

మన కథలో కుట్ర అవసరమే లేదు. రాజుగారు పల్లెల్ని పట్టించుకోవడం మానేస్తే ఈ పెద్దింటివాళ్ళే కప్పం వసూలు చేసే మధ్యవర్తులు. వాళ్ళ హోదా ఎక్కడి నుంచి రావాలి? స్పెయిన్ దొర వాళ్ళని సమానంగా చూడడు. బ్రూనైలో అయితే అల్లుడు. అప్పుడు ఖాజీని పిలిపించేది, పిల్లలకి ఖురాన్ చెప్పించేది హోదా కోసం. తర్వాత రైతులు పెద్దింటిని చూసి. పైన పెద్దదర్గా వీధి గారు చెప్పిన తెర్నాతె కోపం కూడా కలుస్తుంది, ఎప్పుడో ఒక గవర్నరు తప్పకుండా ఒక తెలివితక్కువ హత్య చేస్తాడు.

పెద్దదర్గా వీధి
ఒప్పుకున్నా. మగిందనావో సుల్తాను కుదరత్ కూడా ఉన్నాడు. 1639లో లనావో సరస్సు దగ్గర మరనావో పెద్దలతో, స్పెయిన్‌కి లొంగిన టగాలోగుల గతి చూడండి అన్నాడని జెస్యూట్లే రాసిపెట్టారు. మన కథలో ఆయన ఆ మాట అనలేడు. టగాలోగులు లొంగారు కానీ మతం ఇవ్వలేదు. ఇంకేదో చెప్పాలి.

గుణదల మెట్లు
పండగలు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పట్లేదు. నాకు అదే కావాలి.

గుణదల తిరునాళ్ళలో మేరీమాతకి తలనీలాలు ఇస్తాం. రోమ్‌లో ఎవరైనా చూస్తే ఏమంటారో! ఫిలిప్పీన్స్ చర్చి కూడా అంతే, పాత జాతరలన్నీ ఫియెస్తాలో కలిసిపోయాయి. మరి అదే జాతరలు ఇస్లాంలో కలిస్తే?

బందరు లడ్డూ
పీర్ల పండగ చూడండి మేడమ్. మా అమ్మమ్మ ఊళ్ళో చావిడి దగ్గర పీర్లు లేచే రోజు అన్ని కులాల వాళ్ళూ వచ్చేవాళ్ళు. గుండం చుట్టూ తిరిగి, మలీద ముద్దలు పంచుకుని. పీరు ఎత్తేది మా వీధి చాకలి నరసయ్య కొడుకు. అరబ్బు దేశంలో ఎవరైనా చూస్తే ఏమంటారో! లుజోన్‌లో అలాంటిదే వచ్చేది. వరి నాట్ల ముందు ఏదో వలీ సమాధి దగ్గర ఊరేగింపు, వెదురు బాకాలు, కొబ్బరి కల్లు మాత్రం చాటుగా.

కువైట్ కడపోడు
లెచోన్ ఉండదు అన్నా. పంది రోస్టు. మా ఇలోయిలో అతను అది లేని ఫిలిప్పీన్స్ ఊహించుకోమంటే రెండు నిమిషాలు మాట్లాడలా. తర్వాత “మేక కల్దెరేతా ఉంటదిగా, బతకొచ్చు” అన్నాడు. కోటబాటో అతను “మాకు ఎప్పటినుంచో అదేగా” అన్నాడు.

టైమ్‌మెషిన్ చిట్టి
పేర్లు కూడా మారతాయి. 1849లో క్లవెరియా అనే గవర్నరు జాబితా పంపి జనానికి ఇంటిపేర్లు తగిలించాడు కదా, అందుకే అంతమందికి స్పానిష్ ఇంటిపేర్లు. మన కథలో ఆ జాబితా పనిచేయదు. బిన్ అబ్దుల్లాలకి ఇంటిపేరెక్కడ అతికిస్తాడు?

లెక్కల మాస్టారు
శభాష్ చిట్టీ. మొదటిసారి యుద్ధం లేకుండా మాట్లాడావు.

బందరు లడ్డూ
ఇంకో దారపు పోగు. 1762లో ఇంగ్లీషువాళ్ళు మనీలా పట్టుకోవడానికి ఓడల్లో బయల్దేరింది మద్రాసు నుంచి. మద్రాసు సిపాయిలు కొన్ని వందల మంది వెళ్ళారు. 1764లో ఖాళీ చేసినప్పుడు కొందరు వెనక్కి రాకుండా కాయింతా అనే ఊళ్ళో పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు, ఆ సంతతి ఇప్పటికీ ఉంది. నా ఉద్దేశంలో అందులో తెలుగు మాట్లాడినవాళ్ళు ఉండే ఉంటారు, ఉత్తర సర్కారులో పుట్టి మద్రాసు చేరినవాళ్ళు తక్కువా. మన కథలో ఆ సిపాయి ముస్లిం అయితే పెళ్ళికి మతం మారక్కర్లేదు. అసలు చరిత్రలో మాత్రం వాళ్ళ పిల్లలు చర్చికే వెళ్ళారు.

అన్నట్టు, అదే కాలంలో సులు సుల్తాన్ అజీముద్దీన్ తలకిందుల కేసు. 1750లో లుజోన్‌లో జ్ఞానస్నానం తీసుకుని ఫెర్నాండో అయ్యాడు, తర్వాత స్పెయిన్ వాళ్ళే అనుమానించి జైల్లో పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు తీసుకెళ్ళి మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టారు. ఊహించి రాస్తే ఎవరూ నమ్మరు.

పటాలపిచ్చి
ఆగలేక ఒక పేజీ రాశాను. 1650, తొండో. చదివి చెప్పండి.

“సాయంత్రం గోడల నగరంలో గంట మోగింది. ఏటి ఇవతల ఎవరూ తలెత్తలేదు. గంట దొరలది, వాళ్ళ అన్నం వేళకి మోగుతుంది. హలీమా గుమ్మంలో కూర్చుని బందరు నుంచి వచ్చిన బట్టని విప్పింది. ఎర్ర చాయ, అంచున తీగ. అంచు తడిసి ఉప్పు పట్టింది. నాలుకతో తాకి చూసింది. ‘ఓడలో నీళ్ళెక్కాయి, సగం ధరే’ అంది. కురుపు వేసిన కాలు చాపుకుని వర్తకుడు ఒట్టు వేయబోయాడు. అప్పుడు మసీదు డోలు మోగింది, తర్వాత బాంగు. ఒట్టు సగంలో ఆపేశాడు. కోట వెనక సూర్యుడు దిగిపోతున్నాడు. ‘నమాజు అయ్యాక అబద్ధం చెప్దువుగాని’ అని హలీమా బట్ట మడిచి తన వైపే పెట్టుకుంది.”

గుణదల మెట్లు
హలీమా నాకు నచ్చేసింది. మా పిన్ని అచ్చం ఇంతే, చీరల మూటవాడు మా వీధికి రావాలంటే భయపడేవాడు.

పెద్దదర్గా వీధి
డోలు పెట్టడం బాగుంది, జావాలో మసీదుల దగ్గర ఇప్పటికీ కొడతారు.

లెక్కల మాస్టారు
బాగుంది. ఒక్కటే. తొండో ఏటికి ఉత్తరాన, కోట దక్షిణాన. సముద్రం పడమర. తొండో గుమ్మంలో కూర్చుంటే సూర్యుడు అఖాతంలోకి దిగుతాడు కానీ కోట వెనక్కి ఎలా పోతాడు?

పటాలపిచ్చి
ఈ పేరు పెట్టుకుని నేను చేసిన పని ఇది. మార్చాను మాస్టారూ. సూర్యుడిని నీళ్ళలో దింపాను.

టైమ్‌మెషిన్ చిట్టి
ఇంతకీ బట్ట సగం ధరకి ఇచ్చాడా లేదా?